సెకనులో పదో వంతు

జులై 2, బుధవారం

ఈరోజు కూడా నిలబడిపోయింది. మధ్యాహ్నం కరెంటు పోయింది, జనరేటర్ వచ్చింది, ఫ్యాన్లు తిరిగాయి, బండలు కోసే బ్లేడ్లు తిరిగాయి, సర్వర్ మాత్రం బిగుసుకుపోయింది. కాటా మీదున్న లారీకి బిల్లు రాలేదు. దాని వెనక లారీలు రైల్వే గేటు దాకా ఆగాయి. నేను అన్నీ ఆపి మళ్లీ మొదలుపెడుతుంటే డ్రైవర్లు కిటికీ దగ్గర చేరారు. ఒకాయన, ‘ఏమ్మా, లేస్తుందా నీ మిషను? ల్యాకుంటే పొయ్యి ఈన్నే పెట్టుకోమంటావా?’ అని అడిగాడు. అందరూ నవ్వారు. నేను తల ఎత్తలేదు.

మొదటి నుంచీ రాసుకుంటాను. రాస్తే తప్పు ఎక్కడుందో కనబడవచ్చు.

సర్వర్ ఒకటే. ఆఫీసు గదిలో ఉంది. దానిలో కాటా బిల్లులకొక మిషను, లెక్కలకొకటి, కెమెరాలకొకటి వేరువేరుగా ఉన్నట్టు నడిపే సాఫ్ట్‌వేర్ వేశాను. డిస్కులు మాత్రం ఆవరణ అవతల కాటా గదిలో, స్టోరేజీ పెట్టెలో ఉన్నాయి. ఆఫీసు కప్పు కారుతుంది కాబట్టి ఫ్యాక్టరీ ఓనరు బసవరాజు సారు అక్కడ పెట్టమన్నారు. ఈ గదికీ ఆ గదికీ మధ్య నెట్‌వర్క్ తీగ. తీగ మధ్యలో, కోత షెడ్డు గోడకు, తీగ ముక్కలను కలిపే చిన్న నెట్‌వర్క్ స్విచ్చి. సర్వర్‌కు బ్యాటరీ ఉంది, పెట్టెకు బ్యాటరీ ఉంది. గోడ మీది స్విచ్చికి లేదు. అక్కడ పెట్టిన బ్యాటరీలు రెండూ బండల పొడి పీల్చి కాలిపోయాయి. మూడోది కొననన్నారు సారు.

కాబట్టి కరెంటు పోగానే తీగ చచ్చిపోతుంది. ఓబుళేశన్న జనరేటర్ వేసి, లైను మార్చే చేంజోవర్ పిడి ఎత్తగానే బతుకుతుంది. ఆ కాసేపు సర్వర్ ఓపిక పట్టాలి. డిస్కు జవాబు ఇవ్వకపోతే ఎంతసేపు ఆగాలో చెప్పడానికి సాఫ్ట్‌వేర్‌లో ఒక అంకె ఉంది. ఆ అంకె సెకన్లలో ఇవ్వమని సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు నెట్‌లో పెట్టిన పేజీలో ఉంది. ముప్పై ఇచ్చాను. ఓబుళేశన్న పిడి ఎత్తడానికి అంతసేపు పట్టదు. అయినా పడిపోతోంది.

అంటే ఓబుళేశన్న ఆలస్యం చేస్తూండాలి. సారుకు అదే చెప్పాను. ఇంకేం ఉంది చెప్పడానికి.

సారు ఈసారి అరవలేదు. కర్నూలు నుంచి సుధీర్ అనే అతన్ని పిలిపిస్తున్నానన్నారు. అతనికి సొంత కంపెనీ ఉందట, ఇటువంటి సర్వర్లు శానా చోట్ల చూసుకుంటాడట. సారు అరిచి ఉంటేనే బాగుండేది.

జులై 3, గురువారం

పడలేదు. కరెంటు పోలేదు.

జులై 5, శనివారం

రెండుసార్లు పడింది. ఓబుళేశన్న నాతో మాట్లాడటం లేదు. టీ గ్లాసు నా బల్ల మీద పెట్టేవాడు, ఇప్పుడు గుమ్మంలోనే పెట్టి పోతున్నాడు.

జులై 6, ఆదివారం

చర్చి అయిపోగానే ఫ్యాక్టరీకి వెళ్లాను. ఆదివారం బ్లేడ్లు తిరగవు, గదిలో ఎవరూ ఉండరు. నిన్న పడినప్పుడు సర్వర్ ఏం రాసుకుందో మొత్తం చదివాను. ఎప్పుడూ చివరి వరుస మాత్రమే చూసేదాన్ని. డిస్కు దొరకలేదు అని ఉంటుంది. అది తెలిసిందే.

ఈరోజు పైనుంచి చదివాను. డిస్కు జవాబు ఇవ్వడం లేదు అనే వరుసకూ, ఇక ఆగను అనే వరుసకూ మధ్య మూడు సెకన్లే ఉన్నాయి.

మొదట నేను చేసింది ఇది. సర్వర్ గడియారం తప్పు అనుకున్నాను. గడియారం సరిచూశాను. అది సరిగ్గానే ఉంది. తర్వాత గురువారానికి ముందు పడిన రోజులవి తీశాను. అన్నిట్లోనూ మూడే. అప్పుడు కూడా, సర్వర్ తప్పుగా రాసుకుంటోందేమో అనుకున్నాను. పేజీ ప్రకారం ముప్పై సెకన్లయితే, మిషను మూడు అంటే, మిషనే తప్పు కదా అని.

నంద్యాలలో డిగ్రీ చదివేటప్పుడు ఫిజిక్సు ల్యాబులో లోలకం ప్రయోగం చేశాం. మా బ్యాచికి లెక్క తక్కువ వచ్చింది. మళ్లీ చేశాం, మళ్లీ తక్కువే. ల్యాబు సారు రికార్డు లాక్కుని, పుస్తకంలో ఎంతుందో అంత రాయండి, మార్కులు దానికే అన్నారు. రాశాం. అందరం అట్లాగే రాశాం. నాకు ల్యాబులో మంచి మార్కులు వచ్చాయి.

అప్పుడు లోలకానికి ఎందుకు తక్కువ వచ్చిందో మేమెవ్వరం అడగలేదు. దారం పొడుగు కొలిచిన స్కేలు విరిగిపోయి ఉండిందని ఈరోజు గుర్తొచ్చింది.

మూడు. ముప్పైలో పదో వంతు.

పేజీలో తప్పుందా?

ఈ వాక్యం కొట్టేయబోయి ఆగాను. ఆ పేజీ ప్రపంచంలో ఎంతమంది చదివి ఉంటారు.

జులై 7, సోమవారం

నిలబడింది. నిలబడిపోయింది అని కాదు, నిలబడింది.

భోజనాల వేళ కాటా ఖాళీగా ఉంటుంది. ఓబుళేశన్న దగ్గరికి వెళ్లి, నేను చెప్పినప్పుడు మెయిను దించాలి, చెప్పేదాకా పిడి ఎత్తకూడదు అన్నాను. అతను బీడీ తీసి, వెలిగించకుండా చేతిలో తిప్పుతూ నా వైపు చూశాడు.

‘నేను లేటంటివి. ఇప్పుడు నువ్వే లేటుగా ఎత్తమంటాండావు. ఏందిమే నీ యవ్వారం?’

లేటు నీది కాదేమో అన్నా, అన్నాను. ఏమో అన్న మాట ఎందుకు కలిపానో. అతను లేచాడు.

అంకెను మూడు వందలు చేశాను. చెయ్యి ఎత్తాను. మెయిను దిగింది. సర్వర్ జవాబు లేదు అని రాసుకుని ఊరుకుంది. కిటికీలోంచి చూస్తే ఓబుళేశన్న బీడీ వెలిగించి గోడకు ఆనుకుని ఉన్నాడు. రెండు దమ్ములు లాగాక చెయ్యి ఊపాను. జనరేటర్ పొగ కక్కింది, పిడి లేచింది, గోడ మీది స్విచ్చి దీపాలు వెలిగాయి. సర్వర్ ఒక్క వరుస రాసింది. డిస్కు మళ్లీ దొరికింది. అంతే. కాటా బిల్లు తెర ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే నడిచింది.

మళ్లీ ముప్పై పెట్టి చేశాం. ఓబుళేశన్న ఎంత తొందరగా ఎత్తినా పడిపోయింది. మళ్లీ మూడు వందలు. నిలబడింది.

ఆ అంకె సెకన్లు కాదు. సెకనులో పదో వంతు. ముప్పై అంటే మూడు సెకన్లు. పేజీ తప్పు.

నేను ఒక్కదాన్నే గదిలో నవ్వుతుంటే ఓబుళేశన్న గుమ్మం దగ్గరికి వచ్చి చూసి, ‘మీ యమ్మకు ఫోన్ జేయమంటావా?’ అన్నాడు. విషయం చెప్పాను. విని, అయితే సారుకు చెప్పిన మాట తప్పని సారుకే పోయి చెప్పు అన్నాడు. వెళ్లి చెప్పాను. తప్పు ఓబుళేశుది కాదు సార్ అన్నాను. సారు ఫోన్‌లో ఉన్నారు, తల ఊపారు. విన్నారో లేదో.

టీ గ్లాసు మళ్లీ బల్ల మీదికి వచ్చింది.

జులై 8, మంగళవారం

ఆ పేజీ కింద ఎవరైనా దిద్దుబాటు పంపవచ్చు అని ఉంది. ఇన్నేళ్లూ ఆ వరుస చూశాను. ఎవరైనా అంటే నేను కూడా అని అనుకోలేదు.

మార్చాల్సింది ఒక్క మాట. ఆ మాట మార్చడానికి పొద్దంతా పట్టింది. ఎందుకు మార్చాలో ఇంగ్లీషులో రాయాలి. రాసి, పెద్దదయిందని కొట్టేసి, చిన్నదయిందని మళ్లీ పెంచి, క్షమించండి అని మొదలుపెట్టి, క్షమించడానికి ఏముంది అని తీసేసి. చివరికి ఏం చేశానో, ఏం చూశానో మాత్రం రాశాను. బీడీ సంగతి రాయలేదు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. చర్చిలో కూర్చుని బైబిలు మీద వేలు పెట్టి చదువుతూ అక్షరాలు నేర్చుకున్న మనిషి. కూడబలుక్కుని చదివిన మాట తప్పవుతుందంటే ఒప్పుకోదు. అచ్చు వేసినోళ్లకు తెలీనిది నీకు తెలిసిందా అంది. తెలిసింది అన్నాను. వాళ్లకు కోపమొస్తే అంది. ఎవరో, ఏ దేశమో కూడా తెలియదమ్మా అన్నాను. మరీ భయం అంది.

పంపేశాను.

జులై 9, బుధవారం

జవాబు లేదు. కరెంటు పోయింది, వచ్చింది. లారీలు ఆగలేదు. ఎవరూ గమనించలేదు.

జులై 10, గురువారం

సుధీర్ వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి, నెమ్మదైన మనిషి. బూట్లకు బండల బురద అంటుకుంటే తుడుచుకోలేదు. సర్వర్ చూశాడు, పెట్టె చూశాడు, గోడ మీది స్విచ్చి చూశాడు. అతను ఉండగానే రెండుసార్లు కరెంటు పోయింది. రెండుసార్లూ సర్వర్ పడలేదు. నాకు లోపల ఎగిరి గంతేయాలనిపించింది.

అతను వెళ్లాక సారు పిలిచారు. సంతోషిస్తారనుకుని వెళ్లాను.

‘సుధీర్ వస్తానే నీ మిషను బుద్ధిగా ఉండాది. మొన్నటిదాకా రోజూ పండుకుంటాండె. దాన్ని పండుకోబెట్టేదీ, లేపేదీ రెండూ నీ చేతిలోనే ఉండాయి గదమ్మా.’

పేజీలో తప్పుంది సార్ అన్నాను.

‘ముందు ఓబుళేశు తప్పు. ఇప్పుడు పేజీ తప్పు. ఒగ నీకు తప్ప అందరికీ తప్పులుండాయి.’

నెలాఖరు దాకా ఉండు, తర్వాత సుధీర్ వాళ్లు చూసుకుంటారు అన్నారు. మామూలు గొంతుతో అన్నారు. లారీ పంపేటప్పుడు మాట్లాడే గొంతు.

కావాలంటే చూపిస్తాను సార్, ముప్పై పెడితే పడుతుంది, మూడు వందలు పెడితే నిలబడుతుంది అనబోయాను. మాట నోటిదాకా వచ్చాక ఆగాను. ఆయన ఎదురుగా అంకె మార్చి మిషన్‌ను పడేస్తే ఆయన అన్నది నేనే రుజువు చేసినట్టవుతుంది. పండుకోబెట్టేదీ నేనే, లేపేదీ నేనే.

నేను పేజీ చూసి పెట్టిన అంకె అది. పేజీయే ఒప్పుకోవాలి. పేజీ మారితే, నేను కావాలని చేయలేదని రుజువు. వేరే దారి లేదు.

ఉద్యోగం గురించి నాకు పెద్ద బెంగ లేదు. పేజీ సరిగ్గా ఉండాలి, అంతే.

జులై 11, శుక్రవారం

జవాబు వచ్చింది. కాటా ముందు లారీ ఉండగా ఫోన్ మోగింది. బిల్లు రెండుసార్లు కొట్టాను.

ఆ పేజీలు చూసుకునే మనిషి పేరు పెట్టుకోడు, కె అని ఒక్క అక్షరం. మర్యాదగా రాశాడు. కృతజ్ఞతలట. ఈ అంకె ఎక్కువమంది ముట్టుకోరట, ఉన్నది ఉన్నట్టు వదిలేస్తారట. తీగ చచ్చి బతికే చోట్ల మాత్రమే దీనితో పని పడుతుందట. మీ చోట అది తరచుగా జరుగుతుందా అని అడిగాడు. తరచుగా అంటే ఏమని చెప్పను. రోజూ అని రాశాను.

కానీ పేజీ మార్చాలంటే మరొకరు, మరొక చోట, ఇదే సాఫ్ట్‌వేర్ మీద పరీక్షించి అవునని రాయాలట. అది వాళ్ల పద్ధతి. ఎవరైనా ఉన్నారా అని అడిగాడు.

మేము చర్చిలో కూడా ఒకరి మాట మీద ఎవరినీ తప్పు పట్టం. పద్ధతి న్యాయమే. న్యాయమే కానీ నాకెవరున్నారు. బేతంచెర్లలో ఈ సాఫ్ట్‌వేర్ పేరు తెలిసిన మనిషి లేడు. నంద్యాలలో నాతో చదివినవాళ్లంతా బ్యాంకు పరీక్షలు రాస్తున్నారు.

ఒక మనిషి ఉన్నాడు.

జులై 12, శనివారం

సుధీర్ నంబరు ఓబుళేశన్న ఇచ్చాడు. మొన్న జనరేటర్ గురించి అడగడానికి తీసుకున్నాడట.

ఫోన్ చేసి చెప్పాను. అతను మధ్యలో ఆపకుండా విన్నాడు. తర్వాత నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, అలిసిపోయినవాళ్లు నవ్వే నవ్వు. ఆ పేజీ ఎన్నేళ్లుగానో చదువుతున్నాడట. అందులో ఉన్నట్టే అన్ని చోట్లా పెట్టాడట, ఎక్కడా పడలేదట. మీ దగ్గర తీగ బాగాలేదేమో చూసుకోండి అన్నాడు. పరీక్షించి చూడండి అన్నాను. నడుస్తున్నదాన్ని ఎవరు కదిలిస్తారమ్మా అన్నాడు.

పెట్టేసేముందు, నాకు చెడ్డ ఉద్దేశమేమీ లేదు, బసవరాజన్న పిలిస్తే వచ్చాను అన్నాడు. సరే అన్నాను.

అతను అవునని రాస్తే నా పని నాకుంటుంది, అతనికి రాబోయే పని పోతుంది. ఎందుకు రాస్తాడు. నేనైతే రాసేదాన్నా?

జులై 13, ఆదివారం

పాస్టరుగారు ఏం బోధించారో గుర్తులేదు.

జులై 14, సోమవారం

ఈరోజు పేజీ తెరవలేదు. పొద్దున తప్ప. భోజనం తర్వాత తప్ప.

జులై 15, మంగళవారం

సాయంత్రం సంచి సర్దుకుంటుంటే ఫోన్ మోగింది. సుధీర్. ఎత్తీ ఎత్తగానే మాట్లాడుతున్నాడు. మంగంపేటలో ఉన్నాడు. ముగ్గురాయి పొడి చేసే మిల్లులో సర్వర్ అతను పెట్టిందే. అక్కడ కరెంటు ఎప్పుడూ పోదు, మిల్లుకు సొంత లైను. ఈరోజు ఆ లైను స్తంభం పడి, పొద్దుట నుంచీ అద్దె జనరేటర్ మీద, పోతూ వస్తూ నడుస్తోంది. పోయినప్పుడల్లా సర్వర్ బిగుసుకుంటోంది. పొడి బస్తాలు తూకం కాక మనుషులు బయట కూర్చుని ఉన్నారు.

అతని వెనక ఎవరో అరుస్తుండటం వినబడింది. ఆ అరుపు నాకు తెలుసు.

‘నువ్వు జెప్పిన అంకె యాడ మార్చల్లమ్మా? నాకు కనపడ్డంల్యా.’

ఒక్క నిమిషం ఆగండి, చేస్తాను అని పెట్టేశాను. ఇప్పుడు ఆ నిమిషంలోనే ఇది రాస్తున్నాను. ఇదే సమయం. ముందు ఆ పేజీ కింద అవునని రాయండి, తర్వాత చెప్తాను అనాలి. తప్పేమీ లేదు. అతనికి కావాల్సింది నా దగ్గరుంది, నాకు కావాల్సింది అతని దగ్గరుంది. వ్యాపారం చేసేవాళ్లంతా ఇట్లాగే చేస్తారు. గట్టిగా చెప్పాలి. ముందు రాయండి అని.

అదే రోజు

చెప్పేశాను.

నేను ఫోన్ చేసి, అతను ఎత్తగానే, అన్నా, స్టోరేజీ అన్న చోటికి పోండి అని మొదలుపెట్టాను. అది అయ్యేదాకా వేరే మాట నోట్లోకి రాలేదు. మూడు వందలు పెట్టించాను. అతను ఫోన్ పెట్టకుండానే జనరేటర్ మళ్లీ ఆగింది. జనరేటర్ వచ్చింది.

‘నిలబడిందమ్మా’ అన్నాడు.

నిలబడిందా అని నేనే గట్టిగా అరిచాను. కాటా దగ్గర లారీవాళ్లు ఇటు తిరిగారు.

పేజీ కింద అవునని రాయండి అనడం మర్చిపోయాను. అతనూ అనలేదు.

జులై 16, బుధవారం

ఏమీ లేదు. పేజీ తెరిచి, మూసి.

అమ్మ అడిగింది, ఆ తెల్లోళ్లు ఏమన్నారు అని. వాళ్లు తెల్లోళ్లో కాదో తెలీదమ్మా అన్నాను.

జులై 17, గురువారం

అతనికి పని అయిపోయింది. ఇక ఎందుకు రాస్తాడు. ముందు రాయించుకోవాల్సింది. ఓబుళేశన్నతో అంటే, ‘నువ్వు బేరమాడే పిల్లవైతే నాకు మొన్ననే తెలుస్తుండె’ అన్నాడు. అది పొగడ్తో కాదో అర్థం కాలేదు.

ఉద్యోగం గురించి బెంగ లేదు. బెంగ లేదని రాసిన పుట వెనక్కి తిప్పి చూశాను. అప్పుడూ అబద్ధమే రాశాను.

జులై 19, శనివారం

పొద్దున ఆరు కాకముందే అమ్మను లేపాను. ఏం కొంప మునిగిందో అని లేచింది.

సుధీర్ రాశాడు. ఒక్క వరుస కాదు, పేజీడు రాశాడు. మంగంపేట మిల్లుకు శుక్రవారం సెలవట. ఆ రోజుకోసం ఆగాడట, నడుస్తున్న మిల్లులో తీగ పీకలేడు కదా. నిన్న ఖాళీ మిల్లులో కూర్చుని తీగ తీసి, పెట్టి, అంకె మార్చి, మళ్లీ తీసి పరీక్షించాడు. ముప్పై అన్నప్పుడు మూడు సెకన్లకు పడింది. మూడు వందలు అన్నప్పుడు ముప్పై సెకన్ల దాకా ఓపిక పట్టింది. కింద, బేతంచెర్ల నుంచి నిస్సీ చెప్పినది సరి అని రాశాడు. నా పేరే కాదు, ఊరి పేరు కూడా రాశాడు.

దాని కింద కె రాసింది ఇంకా బాగుంది. సాఫ్ట్‌వేర్‌లో ఈ అంకెను చదివే భాగాన్ని తీసి చూశాడట, మేము చెప్పిందే నిజమట. పేజీ మొదట రాసినది తనేనట. సెకన్లు అని అలవాటుగా రాసేశాడట. ఇదే తప్పు ఇంకో పేజీలో కూడా దొరికిందట, రెండూ మార్చేశాడట.

పేజీ తెరిచాను. మారింది. సెకనులో పదో వంతు. పక్కన చిన్న ఉదాహరణ కూడా పెట్టారు: ముప్పై సెకన్లు ఆగాలంటే మూడు వందలు ఇవ్వండి. మార్పు పంపినవాళ్ల వరుసలో నా పేరు.

అమ్మకు చూపించాను. వేలు పెట్టి నా పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. ఇంగ్లీషు అక్షరాలు కాబట్టి ఆలస్యమైంది. తర్వాత అడిగింది, ఇప్పుడు ఈ పేజీ చదివినోళ్లెవ్వరికీ మిషను పడదా అని. పడదమ్మా అన్నాను. అమ్మ లేచి పొయ్యి ముట్టించింది. బొరుగులతో ఉగ్గాని చేస్తానంది. ఆదివారం తప్ప చేయదు.

నాకు ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. వీధి చివరిదాకా నడిచి వచ్చాను. ఎవరికైనా చెప్పాలి. ఎవరికి చెప్పినా ఏమీ అర్థం కాదు. పాలు పోసే ఆమెకు చెప్పాను. మంచిదమ్మా అంది.

జులై 21, సోమవారం

సారు ఉదయం రాగానే గదిలోకి వెళ్లాను. ఫోన్‌లో పేజీ తీసి బల్ల మీద పెట్టాను. పాతది ఇట్లా ఉండింది, కొత్తది ఇట్లా ఉంది అని చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూశారు. ఇంగ్లీషు చదువుతారు, కానీ ఇది చదవలేదు. నా పేరు మాత్రం చదివారు.

రాసింది నువ్వే, పేరూ నీదే, ఇది నీకు సాక్ష్యమెట్లా అవుతుందమ్మా అన్నారు.

సుధీర్ కూడా రాశాడు సార్ అన్నాను. ఏ సుధీర్ అన్నారు. కర్నూలు సుధీర్ అన్నాను.

ఆయన నా వైపు చూస్తూనే ఫోన్ తీసి అతనికి చేశారు. స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచారు. నాకు కూర్చోమని చెప్పలేదు, నేను కూర్చోలేదు.

‘ఏమప్పా సుధీర్. ఈ పాప ఏందో పేజీ తప్పంటాండాది, నీ పేరు జెప్తాండాది. నిజమేనా?’

‘నిజమేన్నా. ఆ పేజీ నమ్మి నేను గూడా మంగంపేటలో మిల్లు ఆపుకుంటి. ఈ పాప జెప్పినంకనే లేసింది.’

‘కావాలని పండుకోబెట్టల్యా అంటావు.’

‘అట్లంటే నేను గూడా కావాలనే పండుకోబెట్టినట్లేన్నా.’

బయట బ్లేడు బండలోకి దిగిన చప్పుడు వచ్చింది, అది అయ్యేదాకా సారు ఆగారు.

‘అయితే నువ్వు రావల్సిన పన్లేదు గదా.’

నాకు సుధీర్ మొహం కనబడకపోవడం మంచిదైంది.

‘పన్లేదన్నా. ఆడ చూసుకునే మనిషి ఉండాది.’

సారు ఫోన్ పెట్టేసి కళ్లద్దాలు తీశారు. నన్ను తప్పుగా అనుకున్నానని అనలేదు, అనరు కూడా. ఆ మాట ఆయన నోట ఓబుళేశన్న కూడా ఎప్పుడూ వినలేదట. ఫోన్ నా వైపు తోసి అడిగారు.

‘ఆ పుస్తకంలో ఇట్లాంటి పేజీలు ఎన్నుండాయి?’

శానా ఉన్నాయి సార్ అన్నాను.

‘మన మిషనుకు పనికొచ్చేటివన్నీ చదువు. రాసినోడు రాసినట్టే ఉండాదో లేదో సూసి, అప్పుడు పెట్టు. కాటా ఖాళీ ఉన్నప్పుడు ఓబుళేశును పిలుచ్చుకో, నేను జెప్పినానని జెప్పు.’

వచ్చేస్తుంటే వెనక నుంచి, కొనేవాటిలో గోడ మీది స్విచ్చికి బ్యాటరీ ఒకటి రాయి, పొడి పట్టకుండా పెట్టె కూడా చేయించు అన్నారు.

నా కుర్చీలోకి వచ్చి సుధీర్‌కు ఫోన్ చేశాను. అన్నా, నేను నిస్సీని అన్నాను. తెలుసమ్మా, నీ నంబరు వేసుకున్నా అన్నాడు. డోన్‌లో ఒక కోల్డ్ స్టోరేజీ సర్వర్ ఉందట, అక్కడా ముప్పై పెట్టి ఉన్నాడట, ఇప్పుడు దారిలో ఉన్నాడట, మార్చడానికి. జాగ్రత్తగా పోండి అన్నాను. ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను. బస్సు హారన్ మోగింది, పెట్టేశాడు.

మధ్యాహ్నం ఓబుళేశన్న టీ తెచ్చి, పక్కన నిలబడి తెర వైపు చూశాడు. రేపు ఏం పరీక్ష అన్నాడు. ఇంకా తెలియదు, చదవాలి అన్నాను. మెయిను దించేది ఉంటే ముందుగా చెప్పు, బీడీలు తెచ్చుకుంటా అన్నాడు.

స్టోరేజీ గురించి రెండో పేజీ చదివాను. సరిగ్గానే ఉంది.

మళ్లీ చదివాను.